రెండు ట్రాన్స్‌ఫార్మర్లు

బొమ్మ రైలు బల్ల మధ్యకు రాగానే మళ్లీ తుళ్లిపడి ఆగింది. సగం పట్టాలకు బావ ట్రాన్స్‌ఫార్మర్, మిగతా సగానికి బావమరిదిది. వాళ్లలాగే వాటికీ పొత్తు కుదరడం లేదు. ఎవరిది తీసేయాలో తేలక బావమరిది కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"నాది పెద్దది బావా!"

"ట్రాన్స్‌ఫార్మరా, నోరా?"

అక్క వచ్చి తమ్ముడి వైరే పీకింది. "ఒరేయ్, రైలుకి ఒకటి చాలు. నీది బొమ్మ ఊరి దీపాలకి పెట్టుకో. ఆయన అలిగితే అన్నం మానేస్తారు, నువ్వు అలిగినా తింటావు."

పట్టాలన్నీ బావ ట్రాన్స్‌ఫార్మర్‌కి, ఊరి దీపాలు బావమరిది దానికి కలిపి, గది లైటు ఆర్పి చూస్తే బొమ్మ ఊరు మెరిసింది. రైలు ఆగకుండా తిరిగింది. బావ మీసం దువ్వాడు. బావమరిది మూతి ముడిచాడు గానీ, చేతులు ఊరుకుంటేనా? తన ట్రాన్స్‌ఫార్మర్ మీట తిప్పాడు. ఊరంతా చీకటి.

"నా రైలేదిరా?"

"వస్తోంది బావా. కాస్త బతిమాలితే కనబడుతుంది కూడా."