మూలకు పెట్టిన బొట్టు

దబీర్‌పురా రైల్వేస్టేషన్ వెనుక సందులో ఉండే కాశమ్మ పొద్దుటి నుంచీ కొడుకు శ్రవణ్‌కుమార్ మీద నిప్పులు చెరుగుతోంది. కూతురు ఆశ్రితకు పదింటికి ఇంట్లోనే ట్యాబ్‌లో పరీక్ష, ల్యాబ్ టెక్నీషియన్ కొలువుకు. వాడేమో నిన్ననే ఆ ట్యాబ్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు.

"మంచిగున్నదాన్ని ఎందుకు కెలికినవురా? నడుమల ఆగితే దాని బతుకేం గావాలె?"

"ఏం గాదమ్మా. ఇప్పుడు ఏ యాప్‌నైనా మూల పట్టి గుంజితే చిన్న కిటికీ లెక్క అయితది. రెండు మూడు పక్కపక్కన పెట్టుకోవచ్చు. మస్తుంటది."

"నీ కిటికీలు తీస్కపోయి మురికి నాలల పారెయ్."

ఆశ్రిత ఇద్దరినీ బయటికి గెంటింది. పరీక్ష అయ్యేదాకా గదిలో ఇంకెవరూ ఉండకూడదని యాప్ హెచ్చరిక. కానీ ఆ తలుపుకు గడియ పడదు.

పావుగంటకు కాశమ్మకు బొట్టు సంగతి గుర్తొచ్చింది. కుట్టుమిషన్ కొన్నా, గ్యాస్‌పొయ్యి తెచ్చినా ఆ ఇంట్లో బొట్టు పెట్టనిదే ముట్టుకోరు. కొత్త సిస్టమ్ ఎక్కిన ట్యాబ్‌కు మాత్రం ఎవరూ పెట్టలేదు. కుంకుమ వేలికి అద్దుకుని అడుగు చప్పుడు కాకుండా లోపలికి వెళ్లింది. కూతురి వెనుక నుంచి చెయ్యి చాపి, తెర కింది మూలన అద్ది కాస్త లోపలికి దిద్దింది.

వేలితోపాటే పరీక్ష ముడుచుకుపోయి చిన్న కిటికీ అయింది. దాని మీద ఎర్రటి అక్షరాలు: "మీరు తెర వదిలారు. పరీక్ష నిలిపివేయబడింది."

"నీకు దండం పెడత, బయటికి పో," అంటూనే ఆశ్రిత పరీక్షవాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

నిఖిలేష్ అనే అతను ఎత్తాడు. "కొత్త సిస్టమా? మా యాప్‌ను దానికి ఇంకా మార్చలే మేడమ్. తెర చిన్నగైతే మీరు వేరేదేదో చూస్తున్నరనుకుంటది. మీరే జరిపిన్రా?"

"నా వేలే తగిలింది సార్."

"గట్లయితే మళ్ల తెరుస్త. ఒక్క నిమిషం."

కాశమ్మ గుమ్మం దాటలేదు. ట్యాబ్ కెమెరాలో తన చెయ్యి పడే ఉంటుంది. అబద్ధమని తేలితే కేసు పెడతారు, పిల్లను పోలీస్‌స్టేషన్‌కు పిలుస్తారు. ఇక ఆగలేక ఫోన్ లాక్కుంది.

"సారూ, దాని వేలు గాదు. బొట్టు పెట్టవోయి నేనే ముట్టిన. పిల్ల మీద కేసు గిట్ట పెట్టకున్రి."

"అంటే గదిల ఇంకో మనిషి ఉన్నరన్నట్టు. ఇగ నా చేతిల లేదమ్మా. రద్దని రాయాల్సిందే."

నిఖిలేష్ ఫోన్ పెట్టేశాడు.

"అయితే కేసు లేనట్టేనా?" కూతుర్ని అడిగింది కాశమ్మ.

"మళ్ల పరీక్ష యాడాదికి," అంది ఆశ్రిత, ఆమె వైపు చూడకుండానే. "అందాక నాతోని మాట్లాడకు."