ఏడు ఊపిరులు

మా పెద్ద మేడమ్‌కి ఒక నియమం ఉంది. తాను చేసి చూడని పనిని ఏ థెరపిస్టూ ఇంకొకరి చేత చేయించకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఈ మాట చెప్పింది. నేనూ తల ఊపాను. కొత్త ఉద్యోగంలో మొదటి రోజు ఎవరేం చెప్పినా తల ఊపడం తప్ప ఏముంటుంది?

కళ్ళజోళ్ళ షాపు పైన మూడు గదులు మా క్లినిక్. ఒకటి పెద్ద మేడమ్‌ది, ఒకటి లెక్కల మాస్టారిది, చివరిది నాది. మాస్టారు నిజంగానే పదేళ్ళు బడిలో లెక్కలు చెప్పి ఈ పనిలోకి వచ్చాడు. ఎందుకొచ్చారని అడిగితే, "లెక్క తప్పిన పిల్లాడికి లెక్క నేర్పగలిగాను గానీ, వాడి వణుకు ఏం చేయాలో తెలియలేదమ్మా" అన్నాడు. పొద్దున తలుపులు తెరిచే ముందు మేం ముగ్గురం, రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ, మొత్తం నలుగురం పది నిమిషాలు కదలకుండా కూర్చుంటాం. ఊపిరి వస్తుంటే గమనించాలి, పోతుంటే గమనించాలి, మనసు ఎటో పోతే పోయిందని గుర్తుపట్టి వెనక్కి రావాలి. అంతే పని. మొదటి నెలంతా నాకు ఒళ్ళు మండేది. జీతం తీసుకుని ఫ్యాన్ చప్పుడు వినడం ఏమిటని. రిసెప్షన్ ఆవిడ మాత్రం ఆ పది నిమిషాలూ హాయిగా కునుకు తీసేది. పెద్ద మేడమ్ ఆమెనీ ఏమీ అనేది కాదు.

"నీ ముక్కు మీద కోపానికి నువ్వు జనానికి ప్రశాంతంగా ఉండటం నేర్పుతావా?" అని మా అమ్మ నవ్వుతుంది. మేం నేర్పేది ప్రశాంతంగా ఉండటం కాదని అమ్మకి వందసార్లు చెప్పి ఉంటాను. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకే ఆ తేడా పూర్తిగా ఒంటబట్టలేదు. దాంతో ఒక మనిషిని నిలువునా ముంచబోయాను.

ఆయన సెలూన్ నడుపుతాడు. వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్ళుగా అదే షాపు, రెండే కుర్చీలు, ఒకటి ఆయనది, రెండోది బావమరిదిది. మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మా మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో పావుగంట చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి అసలు సంగతికి వచ్చాడు.

"గడ్డం గీస్తుంటే ఒక ఆలోచన వస్తోంది మేడమ్. ఈ కత్తి ఇంకాస్త నొక్కితే ఏమవుతుందని. ఆ మనిషేమో నన్ను నమ్మి మెడ చాపి కళ్ళు మూసుకుని ఉంటాడు. నా బుర్రలో ఇది. నేను మంచివాణ్ణి కాదేమో అనిపిస్తోంది."

ఐదు నెలలుగా ఆయన కత్తి ముట్టుకోలేదు. జుట్టు కత్తిరించేది ఆయనే, గడ్డాలన్నీ బావమరిదికి. ఆఖరికి మెడ వెనక అంచు సరిచేయడానికి కూడా బావమరిదినే కేకేస్తున్నాడు. నెలాఖరుకి షాపు వాడికే వదిలేసి ఏదో గోడౌన్‌లో కాపలాకి కుదురుతానన్నాడు.

"అక్కడ చేతిలో టార్చిలైటే ఉంటుంది" అన్నాడు. నవ్వించడానికి అన్నాడేమో గానీ మా ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

నేనూ పెద్ద మేడమ్ రెండు పూటలు కూర్చుని ఆయన్ని అన్నీ అడిగాం. ఎవరినీ ఏమీ చేసే మనిషి కాదు. గిరాకీకి చిన్న గీత పడితే రెండు రోజులు అన్నం సయించని మనిషి. ఇలాంటి పాడు ఆలోచనలు చాలామందికి వస్తాయి, వచ్చినదారినే పోతాయి. ఈయన మాత్రం ఒక ఆలోచనని పట్టుకుని నిలదీశాడు, అది ఇక కదలలేదు. మా వైద్యంలో రెండు సగాలు. ఆలోచనని ఆలోచనగా చూడటం, దాంతో పోట్లాడకుండా పక్కన ఉండనివ్వడం ఒక సగం. అది ఉండగానే, భయపడి వదిలేసిన పనిని మెట్టుమెట్టుగా మళ్ళీ చేతుల్లోకి తీసుకోవడం రెండో సగం.

నేను మొదటి సగంతో మొదలుపెట్టాను. ఊపిరిని గమనించడం ఆయన ఎంత చురుగ్గా నేర్చుకున్నాడంటే నాకే ముచ్చటేసింది. రెండో వారానికి, పని నేర్చుకునే రోజుల్లో చేసినట్టు, ఊదిన బెలూన్‌కి నురగ రాసి పగలకుండా కత్తితో గీశాడు. మూడో వారం వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"ఏడు ఊపిరులు మేడమ్. అది వచ్చిందంటే చాలు, కళ్ళు మూసుకుని సరిగ్గా ఏడుసార్లు ఊపిరి తీసి వదుల్తా. పోతుంది."

నేను గాల్లో తేలిపోయాను. శుక్రవారం మధ్యాహ్నం మేం ముగ్గురం కూర్చుని ఎవరి కేసు వాళ్ళు చెప్పుకుంటాం. ఆ రోజు నాకు ఎప్పుడు నా వంతు వస్తుందా అని తొందర. చెప్పడం పూర్తయ్యాక లెక్కల మాస్టారు బాగుందన్నాడు.

"ఆరో ఊపిరి దగ్గర ఎవరైనా పిలిస్తే ఏం చేస్తాడు?" అంది పెద్ద మేడమ్.

"మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతానన్నాడు" అన్నాను. అన్నాక ఆ మాట నా చెవిన పడింది.

ఆలోచనని చూడటానికి నేను నేర్పిన ఊపిరిని ఆయన దాన్ని తరమడానికి వాడుకుంటున్నాడు. ఏడు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందని కూడా నేను అడగలేదు. అక్కడికక్కడే ఫోన్ చేశాను. నిన్న ఒక్కరోజే నలభైసార్లు లెక్కపెట్టానని ఎంతో గర్వంగా చెప్పాడు. సగం కత్తిరించిన తలతో గిరాకీని కూర్చోబెట్టి కళ్ళు మూసుకుంటున్నాడు. బెలూన్ దాటి మనిషి దగ్గరికి వెళ్ళనే లేదు. జబ్బుకి నేను మంచి కొత్త చొక్కా కుట్టించి పెట్టాను.

తప్పు నాది, కోపం మాత్రం ఆమె మీద వచ్చింది. "ఈ ముక్క మూడు వారాల క్రితమే అడగొచ్చు కదా మేడమ్?" అన్నాను.

"మూడు వారాల క్రితం నాకు తెలియదు కదా" అంది.

ఆ నిదానానికి ఇంకా మండింది. తలుపు ధడాలున వేసి మెట్లు దిగిపోయాను. కింద కళ్ళజోళ్ళాయన తలెత్తి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, బ్యాగు పైనే వదిలేశానని. అంత కోపంగా దిగిన మెట్లు మళ్ళీ ఎక్కాలంటే ఎంత నామోషీయో ఎక్కితే తెలుస్తుంది.

మాస్టారు వెళ్ళిపోయినట్టున్నాడు. పెద్ద మేడమ్ ఒక్కతే ఉంది. నా బ్యాగు పక్కన టీ కప్పు కూడా పెట్టి ఉంది.

"మా పెద్దాడు పుట్టాక ఎనిమిది నెలలు వాణ్ణి ఎత్తుకోలేదు నేను" అంది, నేను కూర్చోకముందే. "నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళం. ఎత్తుకుంటే చాలు, కిందికి వదిలేస్తానేమో అని ఆలోచన. స్నానం, పాలసీసా, జోకొట్టడం అన్నీ మా అత్తగారే. బాలింత కదా, నీరసం అనుకున్నారు అందరూ. చివరికి ఒక థెరపిస్టుకి చెప్పుకున్నాను. ఆవిడ ఇంటికొచ్చి, బాల్కనీ తలుపు తెరిచి, పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, తను వెళ్ళి గదిలో ఆ చివర కూర్చుంది."

"మీరేం చేశారు?"

"పట్టుకుని నిలబడ్డాను. నేనలాంటిదాన్ని కాదని ఒక్కమాట చెప్పండి అని బతిమాలాను. చెప్పలేదు. ఎంత తిట్టుకున్నానో. ఆ మాట ఆవిడ చెప్పి ఉంటే, మర్నాడు మళ్ళీ చెప్పించుకోవడానికి ఆవిడ దగ్గరికే పోవాల్సి వచ్చేది. అరగంట తర్వాత చూసుకుంటే ఆలోచన అలాగే ఉంది, వాడు నా భుజం మీద నిద్రపోయాడు."

"అందుకే ఈ పనిలోకి వచ్చారా?"

"రావడం అందుకే. ఉండిపోవడం వేరు" అంది. "ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే ధైర్యం చెప్పే మాట నా నోటిదాకా వస్తుంది. అది వాళ్ళ కోసం కాదు, నేను చూడలేక. దాన్ని గమనించి అక్కడే ఉంచాలి. ఇరవై ఏళ్ళయింది, ఒక్కరోజూ తేలిక కాలేదు. ఇంకో పనైతే ఈపాటికి కళ్ళు మూసుకుని చేసేస్తూ ఉండేదాన్ని."

ఆమె పొద్దున్నే ఆ పది నిమిషాలు ఎందుకు కూర్చుంటుందో నాకు అప్పుడు తెలిసింది. ప్రశాంతత కోసం కాదు. ఆ రోజు రాబోయేవాళ్ళ ముందు నోరు అదుపులో పెట్టుకుని నిలబడటానికి. నాకు ఆమె మీద గౌరవం అంతకుముందూ ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఆమెలా కావాలనిపించింది.

సోమవారం సెలూన్ ఆయనకి నా పొరపాటు ఉన్నదున్నట్టు చెప్పాను. లెక్కపెట్టడం మానేయాలని, ఆలోచన ఉండగానే మనిషి మెడ మీద కత్తి పెట్టాలని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ చేసింది దండగేనా?"

"కాదు. దాన్ని చూడటం మీకు వచ్చింది. తరమడం మానేయాలి, అంతే."

"మీకేం మేడమ్, చెప్పేసి కూర్చుంటారు. కత్తి పట్టేది నేను. మెడ ఇంకొకడిది."

పెద్ద మేడమ్ నియమం గుర్తొచ్చింది. నా జుట్టు పొట్టిగా ఉంటుంది. నెలకోసారి మెడ వెనక అంచు శుభ్రం చేయించుకోవాలి, అదీ కత్తితోనే. శనివారం పొద్దున మీ షాపుకి వస్తానని చెప్పాను. ఆయన చాలాసేపు నా మెడ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. నెలాఖరుకి ఇంకా వారమే ఉంది.

శనివారం నేను వెళ్ళేసరికి బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో గోడ వైపు చివరన పేపరు చదువుతున్న ఒక ముసలాయన. రెండో కుర్చీలో ఒకరికి జుట్టు కత్తిరిస్తున్న బావమరిదికి సంగతి తెలుసు, సెలూన్ ఆయనే చెప్పాడట. నేను మొదటి కుర్చీలో కూర్చున్నాను. ఆయన గుడ్డ కప్పి, మెడకి నీళ్ళు చల్లి, నురగ రాశాడు. కొత్త బ్లేడు బిగించిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అద్దంలోకి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి.

"బావా, ఇటివ్వు, నేను చేస్తాలే" అన్నాడు బావమరిది.

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేను తల వంచి మెడ ఇచ్చాను. ఇక నాకు కనిపించేది ఒళ్ళో గుడ్డ మీద పడిన ఎవరివో నాలుగు వెంట్రుకలు.

"ఉండరా" అన్నాడు వాడితో. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చింది మేడమ్. ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది" అన్నాడు.

"ఏమంటోంది?"

చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పినా చిన్న షాపు. బెంచీ మీద పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నేనేం చెయ్యను కదా మేడమ్?"

మీరు దేవుడిలాంటి మనిషి, చీమకి కూడా హాని చెయ్యరు అనే మాట నా నాలుక చివరికి వచ్చేసింది. అది ఆయన కోసం కాదు. నాకు భయమేసింది. రెండు పూటలు కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నదాన్ని, అయినా తల వంచి కూర్చుంటే ఆ తెలిసినదంతా ఎటో పోయింది. ఊపిరి గొంతు దగ్గరే ఆడుతోంది. పెద్ద మేడమ్ మీద, ఆమె నియమం మీద ఒక్క క్షణం పాత కోపం లేచింది. అన్నీ ఉన్నాయి. ఉండనిచ్చాను.

"తెలియదు" అన్నాను. "మీ పని మీరు చేయండి."

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చల్లగా కత్తి తగిలింది. అర అంగుళం కదిలింది, ఆగింది.

"ఇంకా ఉంది" అన్నాడు.

"ఉండనివ్వండి."

మళ్ళీ కదిలింది. మళ్ళీ ఉందన్నాడు. మూడోసారీ అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. కత్తి నురగని తీసుకుంటూ పోయే సన్నని గరగర మాత్రం వినిపించింది. ఎడమ చెవి వెనక్కి వచ్చేసరికి చురుక్కుమంది.

చెయ్యి ఆగిపోయింది. బావమరిది కత్తెర కూడా ఆగిపోయింది. నాకు కనిపించకపోయినా తెలిసింది, రక్తం వచ్చిందని. ఇన్ని నెలలుగా ఆయన కలలోనూ మెలకువలోనూ చూసి వణికిన రక్తం అది. ఇప్పుడు నేనేదైనా అనాలి అనిపించింది. అనలేదు. అంత కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు.

వెనక డ్రాయరు తెరుచుకుంది. తడిపిన పటిక ముక్క చెవి వెనక ఆనింది.

"చిన్న గీత పడింది మేడమ్. కాస్త మంట పుడుతుంది, కదలకండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళు పని చేసిన మనిషి గొంతు అది. నేను ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

పటిక తీసి, మిగిలిన అంచు కూడా గీశాడు. మెడ తుడిచి, గుడ్డ తీసి బయట దులిపి వచ్చాడు. చేతుల్ని ఈసారి ఆయన దాచుకోలేదు. పోయిందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బ్లేడు మార్చి, బెంచీ వైపు తిరిగాడు.

"తర్వాత ఎవరండీ? గడ్డమైనా సరే" అన్నాడు.

ఇద్దరు బావమరిది కుర్చీ వైపు చూశారు. అప్పుడు గోడ పక్కన ముసలాయన, అంతా విన్న ముసలాయన, పేపరు మడిచి బెంచీ మీద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచి, వచ్చి నేను లేచిన కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు.