గాజు మీద విభూతి

హొసకోటెలో మా షెడ్డుకు వెల్డింగ్ రోబో వచ్చింది. ట్రాక్టర్ ట్రాలీల చట్రాలు అతుకుతుంది. అది వచ్చాక నలుగురు వెల్డర్లను పంపేశారు. నేనూ తిరుపాలూ మిగిలాం. ఇనుప ముక్కలు బిగించి దానికి అందించడానికి ఒక్కడు చాలు. ఆ ఒక్కడెవరో పండగ తర్వాత చెబుతానన్నాడు ఓనరు శ్రీనివాసప్ప.

ఆయుధపూజ పొద్దున ఆయన నన్ను పిలిచాడు.

"మునీంద్రా, పెద్దోడివి. అయ్యోరు వచ్చేలోపల కొత్తదాన్ని నువ్వే సింగారించప్పా."

"పెండ్లాం పోయినోన్ని సార్. నా చెయ్యి వద్దు."

అంజినమ్మ పోయాక ఏ శుభకార్యంలోనూ నన్ను ముందుకు రానివ్వలేదు జనం. ఆ మాట ఇన్నాళ్లకు నాకు పనికొచ్చింది. నా పని తిన్నదానికి నేను పూలు కట్టను.

"నేను కడతా సార్. ఇంగ ఇది మనింటి బిడ్డే కదా" అని తిరుపాలు ఎగబడ్డాడు.

ఓనరు ఆఫీసు గదిలోకి వెళ్లాడు. తిరుపాలు రోబోకు బంతిపూల దండ వేశాడు. దాని చేతి చివర నల్లటి గాజు ఉంటుంది. అతుకు ఎక్కడుందో అది అందులోంచే చూస్తుంది. తిరుపాలు దాన్ని నుదురనుకున్నాడు. తడి విభూతి మూడు వేళ్లతో అడ్డంగా పూసి, నడుమ కుంకుమ పెట్టాడు.

"శివుని మాదిరి ఉండాడు చూడన్నా."

అది నుదురు కాదు, కన్నని చెప్పకుండా నేను అవతలికి వెళ్లాను.

సెలవు అయ్యాక ట్రాలీలు కొనేవాళ్లు చూడ్డానికి వచ్చారు. రోబో అతుకును వదిలేసి పక్కనున్న రేకు మీద మంట పోసింది. రేకు తూట్లు పడింది. వాళ్లలో ఒకడు నవ్వాడు. ఇంజనీరు లలిత్ మిషన్ ఆపి, గాజు తుడిచి, బూడిద అంటిన వేలు ఓనరుకు చూపించాడు.

"ఎవడు పూసింది?" అన్నాడు శ్రీనివాసప్ప.

"నేను పూలే కట్టినా సార్. విభూతి అయ్యోరు పెట్టుంటాడు" అన్నాడు తిరుపాలు.

ఓనరు చల్లబడ్డాడు. పూజారిని ఏమనగలడు? అయినా నా వైపు తిరిగాడు.

"నువ్వు చూసినావా?"

తిరుపాలు నన్నే చూస్తున్నాడు. అంజినమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజు, నా షిఫ్టు ఒక్కటి చూడమని వాణ్ని బతిమాలాను. ఊర్లో జాతరని వెళ్లిపోయాడు. నేను మొహానికి వెల్డింగ్ అద్దం పెట్టుకుని అతుకులు వేస్తుండగా ఆమె పోయింది.

"చూసినా సార్. ఈయప్పే పూసినాడు."

సాయంత్రం గేటు దగ్గర తిరుపాలు ఆగాడు. చేతిలో టిఫిన్ క్యారియరు, విప్పేసిన బూట్లు.

"అయ్యోరని అనింటే నీ సొమ్మేం పోయిండేదన్నా?"

"ఏమీ పోయిండదు."

"ముక్కలు అందించేదానికీ ఒక మిషన్ తెస్తాడు. నిన్నూ తరుముతాడు."

"తరమనీ. చూసి నవ్వేదానికి నువ్వుండవు కదా."

లోపల రోబో ముక్క కోసం ఆగి ఉంది. వెళ్లి అందించాను.