నలభై రెండో నంబరు ఆవు

పొరుగు మందలో గాలికుంటు వ్యాధి బయటపడగానే ఓ పాడి రైతు పాకకు కూడా అధికారులు రాకపోకలు ఆపేస్తూ తాడు కట్టేశారు. మూడు వారాలుగా అతని గడప తొక్కిన మనిషి లేడు. తన ఆవుల రక్తం పరీక్షకు వెళ్లిన పశువుల ల్యాబుకి రోజూ ఫోను చేసేవాడు. ఎత్తేది టెక్నీషియను. భర్త పోయాక ఆమెదీ ఒంటికాయ శొంఠికొమ్ము బతుకే.

"మా ఐదింటికీ టీకాలు వేయించానమ్మా. రక్తంలో ఏదైనా కనబడితే అది టీకాదే అయ్యుంటుంది."

"అది తేల్చడానికేనండీ ఈ పరీక్ష. టీకాలో ఉండేది చచ్చిన వైరస్. నిజంగా జబ్బు సోకితే అది ఒంట్లో పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు తయారయ్యే ప్రోటీన్లు వేరు. వాటిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలు కనబడితే సోకినట్టే."

"అంటే నా మాట కంటే వాటి రక్తానికే విలువెక్కువన్నమాట!"

ఆమె ఫక్కున నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఆ తర్వాత అతను ఆవుల సంగతులు చెప్పేవాడు. ఎర్రది కొమ్ముతో గడియ తీసేస్తుందట, గడుగ్గాయి. ఆమె ఊ కొట్టేది.

శుక్రవారం పరీక్ష ప్లేటులో నాలుగు గుంటలు తేటగా ఉన్నాయి. ఐదోది పసుపెక్కింది. పసుపు రంగంటే జబ్బు సోకినట్టే. మళ్లీ చేసింది. మళ్లీ అదే రంగు. డాక్టరు సంతకం పెట్టాక, "నేనే చెబుతాను సార్" అంది.

"నాలుగు ఆవుల రక్తంలో ఉన్నది టీకా తాలూకుదేనండీ. చెవి బిళ్ల మీద నలభై రెండో నంబరున్న దానికి మాత్రం... సోకింది."

అవతల పాలచెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"ఎర్రదమ్మా," అన్నాడు అతను. "ఫోను పెట్టేస్తారా?"

"లేదండీ, ఉంటాను."

"దానికి మేత వేసొస్తా."

గడ్డి గరగర, ఆవు నెమరు, అతను ముక్కు చీదడం వింటూ ఆమె అరగంట కదలకుండా కూర్చుంది.

మర్నాడు మిగతా వాటికి అంటకుండా అధికారులు ఎర్రదాన్ని తీసుకుపోయారు. మిగిలిన నాలుగింటికి నెల తర్వాత చేసిన పరీక్షలోనూ ఏమీ లేదని తేలడంతో తాడు విప్పారు. ఫోన్లు ఆగిపోయాయి. పది రోజులు తటపటాయించి ఆమే చేసింది.

"ఎవరండీ?" వెనక పిల్లల గోల, ఎవరిదో నవ్వు.

"ల్యాబు నుంచి. ఊరికే... ఆవులెలా ఉన్నాయోనని."

"అయ్యో, మీరా అమ్మా! భేషుగ్గా ఉన్నాయి. మా చెల్లెలు వాళ్లు దిగారు, మళ్లీ చేస్తానమ్మా!"

చేయలేదు. ఆమెకు కోపం రాలేదు. అతని ఇల్లు నిండింది కదా అనుకుంది. అనుకున్నా, ఆ రోజు అన్నం సయించలేదు.