మూడు పరుగులు తక్కువ

ముప్పై ఆరేళ్ల కుబాత్ మోకాలి ఆపరేషన్ అయ్యాక ఏడాదిపాటు బిష్కెక్ నగరంలోని తన పాత ఫుట్‌బాల్ జట్టు కోసమే తపించాడు. మళ్లీ చోటు దక్కాలంటే దమ్ము పరీక్ష నెగ్గాలి. బీప్ మోగేలోగా ఇరవై మీటర్లు వెళ్లి రావాలి, అలా అరవై సార్లు. పోనుపోను బీప్ తొందరపెడుతుంది.

యాభై ఎనిమిదోసారి అతను గీత చేరకముందే మోగింది.

"చాల్లేరా, ఒగరుస్తున్నావు. రేపట్నుంచి కుర్రాళ్లకి నేర్పు," అన్నాడు కోచ్ ఒర్మోన్. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఆడినవాళ్లే.

"మూడే కదరా తక్కువ! ఒక్క వారం ఇవ్వు."

"పోయిన నెలా ఇదే అడిగావు."

కుబాత్ తలూపాడు. కానీ బూట్లు విప్పలేదు. బెంచీ మీద కూర్చుని రెండో గుంపు పరుగు చూస్తూ ఉండిపోయాడు. బీప్ మోగిన ప్రతిసారీ అతని మడమలు నేలమీంచి లేస్తూనే ఉన్నాయి.