పొర తియ్యని కారు

ఎర్రమ్మకి అన్యాయం జరిగింది 2003 మే 12న, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకి. చేసినవాడు చిట్టిబాబు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే తర్వాత ఊళ్లో ఆ నేరాన్ని పాము మీదకి, ఎండ మీదకి, ఆఖరికి చచ్చిపోయినవాడి తలరాత మీదకి కూడా నెట్టారు. పాము తన పని తాను చేసింది. ఎండా అంతే. కదలాల్సిన కారే కదల్లేదు.

టెక్కలికీ సముద్రానికీ మధ్య, ఇసకనేల మీద ఉన్న ఊరు అది. కొబ్బరితోటలో సగం, జీడితోటలో సగం చిట్టిబాబువే. ఊరి చివర జీడిపప్పు షెడ్డు కూడా అతనిదే. తెల్లారితే పాతికమంది ఆడవాళ్లు ఆ షెడ్డులో వరసగా కూర్చుని పప్పు మీది ఎర్రపొర తీస్తారు. నిండు పప్పు గుండు విరగకుండా, గీత పడకుండా పొర లాగడంలో ఎర్రమ్మని మించినవాళ్లు లేరు. ఆమె నోటికి భయపడినా, ఆ వేళ్లకోసం చిట్టిబాబు ఆమెని పనిలోంచి తియ్యలేదు.

2002 దసరా నాడు చిట్టిబాబు తెల్ల కారు కొన్నాడు. వాహనం అతని పేరుకి అచ్చిరాదని సిద్ధాంతి చెబితే కాయితాలు భార్య కళావతి పేరున రాయించాడు. ఆమె చూపించినచోట సంతకం పెట్టింది. అంతవరకే ఆమెకి కారుతో సంబంధం. ముందు సీట్లో కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

కారు ఒళ్లంతా కంపెనీవాళ్లు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. దారిలో దుమ్ము పడకుండా వేసిందనీ, నెల తిరక్కుండా తీసెయ్యకపోతే ఎండకి జిగురు ముదిరి రంగు తినేస్తుందనీ షోరూమువాడు చెప్పాడు. చిట్టిబాబు వింటాడా? టీవీ రిమోటుకి కవరు, సోఫాకి కవరు, పెళ్లినాటి సూట్‌కేసుకి ఇప్పటికీ దుకాణం చీటీ. "కొత్తది కొత్తగా ఉండాలి" అన్నాడు. పొర అలాగే ఉండిపోయింది.

మూడోరోజుకి బానెట్టు మీది బంతిపూల దండ వాడలేదు. నెల్లాళ్లకీ వాడలేదు. లోపల వెలిగించిన అగరొత్తి సగంలో ఆగి, మొనమీద బూడిద రాలకుండా అలాగే ఉంది. గడియారం పదీ ఇరవై దగ్గర నిలబడింది. రేడియోలో వార్తలు చదివేవాడు ఒక మాట సగంలో ఆగి ఊపిరి బిగపట్టాడు. పొర కింద దసరా అయిపోలేదని ఊరికి అర్థమైంది. ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

కారు నడిచేది. కిలోమీటర్ల ముల్లు మాత్రం తిరిగేది కాదు, పెట్రోలు తగ్గేది కాదు. చిట్టిబాబు తల్లికి పన్నుపోటు వచ్చినప్పుడు ఆవిణ్ణి వెనకసీట్లో కూర్చోబెడితే పోటు పెరగా లేదు, తగ్గా లేదు. ఒకసారి కోడిపెట్ట వెనకవైపు పొర అంచుని పొడిచి లేపింది. సాయంత్రానికి దండలో నాలుగు పువ్వులు నల్లబడ్డాయి. చిట్టిబాబు లేచిన అంచుని టేపుతో అదిమి అంటించి, ఆ కోడిని కూర వండించాడు.

అందుకే, మే నెలలో ఎర్రమ్మ మొగుడు పోతురాజు జీడిపిక్కలు ఏరుతూ పాము కాటు తిన్నప్పుడు ఎవరూ ఆలోచించలేదు. మంచం మీద వేసుకుని తిన్నగా ఆ కారు దగ్గరికే తెచ్చారు. అందులో పడుకోబెడితే విషం ఎక్కదని అందరికీ తెలుసు. చిట్టిబాబుకి అందరికంటే బాగా తెలుసు.

అతను మెట్ల మీద నిలబడి మోసుకొచ్చినవాళ్ల చేతులకేసి చూశాడు. ఆ చేతులకి జీడి సొన ఉంది. సొన తోలునే కాలుస్తుంది, ప్లాస్టిక్‌ని ఊరుకుంటుందా అన్నాడు. ఆటోకి కబురు పెడతానన్నాడు, పెట్టాడు కూడా. ఆటో నలభై నిమిషాలకి వచ్చింది. టెక్కలి పొలిమేర కనబడుతుండగా పోతురాజు పోయాడు.

ఎర్రమ్మ నెత్తీ నోరూ కొట్టుకోలేదు. పదమూడోరోజున షెడ్డుకి పోతూ చిట్టిబాబు వాకిట్లో ఆగి, కారుని పైనుంచి కిందకి చూసి, "బంతిపూలు బాగున్నాయా బాబూ?" అని అడిగింది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ఏడాదిన్నరపాటు, వానొచ్చినా జొరమొచ్చినా, ఆ ఒక్క ప్రశ్న మానలేదు. చిట్టిబాబు ఆ వేళకి పెరట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ ప్రశ్న కిటికీలోంచి కళావతి కూడా వినేది. మే 12న మెట్ల మీది మాటలూ ఆ కిటికీలోంచే విన్నది. ఆమె మొగుడితో తగువు పెట్టుకోలేదు. అతను పలాస వెళ్లిన రోజుల్లో తాళాలు తీసుకుని కొబ్బరితోటలో కారు నడపడం నేర్చుకుంది. తిరగని ముల్లు, తగ్గని పెట్రోలు ఎవరికి చాడీ చెబుతాయి? రెండు కొబ్బరి మొక్కలు ఒరిగాయి. ఆ తప్పు గేదెల మీద పడింది.

2004 అక్టోబరు 5న మూడోరోజు వాన. పురిటికి పుట్టింటికొచ్చిన ఎర్రమ్మ కూతురు దేవికి షెడ్డులో ఉండగా నొప్పులు మొదలయ్యాయి. గుడిసెలోకి నీళ్లొచ్చాయని తల్లి ఆమెని పొద్దున్నే అక్కడికి తెచ్చి, గట్టుమీద గోనెలు పరిచి కూర్చోబెట్టింది. మోకాళ్ల దాకా చీర ఎత్తిపట్టుకుని వచ్చిన నర్సమ్మ గౌరీశ్వరి గోనెలకేసి చూసి మొహం మార్చుకుంది. బిడ్డ ఇంకా కిందకి రాలేదు, నెత్తురు మాత్రం ముందే వస్తోంది. టెక్కలి ఆస్పత్రికి ఇప్పుడే తీసుకెళ్లాలంది. ఆ వానలో ఏ ఆటోవాడూ కదలడు.

పొరలు తీసేవాళ్లలో పైడమ్మ అనే ఆమె చిట్టిబాబు ఇంటికి పరుగెత్తింది. చిట్టిబాబు భోజనం చేసి పడుకున్నాడు. కళావతి అతన్ని లేపలేదు. తాళాలు తీసుకుని, పైడమ్మని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని కారు షెడ్డు ముందుకి తెచ్చింది.

దేవిని వెనకసీట్లో పడుకోబెట్టి తలుపు వేశారు. నొప్పి ఆగిపోయింది. నెత్తురు ఆగిపోయింది. దేవి చుట్టూ చూసి, "అమ్మా, లోపల ఎండగా ఉంది" అంది.

రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి కల్వర్టు లేదు. దాని చోట ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. కళావతి కారు వెనక్కి తిప్పి షెడ్డు ముందే ఆపింది.

గౌరీశ్వరి వెనకసీట్లో దేవి పక్కన కూర్చుని, కడుపు మీద గొట్టం పెట్టి విన్నది. బిడ్డ గుండె ఒక దెబ్బ కొట్టి, రెండో దెబ్బకోసం ఆగి ఉంది. ఈ పొరలో పదిరోజులున్నా ప్రమాదం లేదు, కానీ కాన్పూ కాదు అని చెప్పింది. నెత్తురు ఆగడానికి ఇంజెక్షను తన దగ్గర ఉంది, కానీ కాలం కదలందే మందు ఎక్కదు. బయటికి దింపితే మందు ఎక్కేలోపే నెత్తురు పోతుంది.

"నీళ్లు మరిగినాక మూత ఓరగా తీస్తాం సూడు, కాలం అలా కొంచెం కొంచెం వదిలితే కాన్పు సెయ్యగలవా?" అని ఎర్రమ్మ అడిగింది.

"చెయ్యగలను. వదిలేదెవరు?"

ఎర్రమ్మ షెడ్డులోకి తిరిగి, "కత్తులొద్దు. గోళ్లు సాలు. బాయిలర్లో ఏణ్ణీళ్లు పట్టుకురండి" అని కేకేసింది.

పాతికమందీ కారు చుట్టూ చేరేసరికి గొడుగేసుకుని చిట్టిబాబు వచ్చాడు. పంచె బురద, మొహం ఎరుపు.

"ఎవర్నడిగి తీసేవు బండి?" అని భార్యని అడిగాడు. తర్వాత అందరికీ వినబడేలా, "ఆ పొర మీద చెయ్యేస్తే రేపట్నుంచి ఒక్కత్తికీ షెడ్డులో పనుండదు. రెండేళ్లు కాపాడుకొచ్చేను" అన్నాడు.

"రెండేళ్లూ ఏటి కాపాడినావు బాబూ? బంతిపూలా?" అంది ఎర్రమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ చెయ్యి వెనక్కీ తీసుకోలేదు. పని పోతుందన్న భయం అందరి కళ్లలోనూ ఉంది, చేతులు మాత్రం కారు మీదే ఉన్నాయి.

కళావతి స్టీరింగు దగ్గరే కూర్చుని అద్దం దించింది. "కాయితాల్లో పేరెవరిదండీ?" అని మొగుణ్ణి అడిగింది. "నాది. ఎర్రమ్మా, తియ్యి. షెడ్డు మాట తర్వాత నేను సూసుకుంటాను."

వేడినీళ్లు పోశారు. ఎండకి ముదిరిన జిగురు మెత్తబడింది. ఎర్రమ్మ వెనకతలుపు అంచున గోరు పెట్టి వేలెడు లేపింది. లోపల దేవి మూలిగింది. ఆపింది. మూలుగు ఆగింది. గౌరీశ్వరి చెయ్యి ఎత్తితే లాగడం, దించితే ఆపడం. పప్పు గుండు మీద పొర లాగినట్టు, చింపకుండా, తొందరపడకుండా. తలుపులు అయ్యాయి, బానెట్టుకి వచ్చారు.

పొర లేచినమేరకి నిలిచిపోయిన రోజులు కిటికీల్లోంచి బయటికి పోయాయి. అగరొత్తి బూడిద రాలింది. దండ వాడింది. రేడియోవాడు మాట పూర్తిచేసి తేదీల తర్వాత తేదీలు చెప్పుకుపోయాడు. మంచు పడుతోందని దేవి చెప్పింది, ఆ తర్వాత జీడిపూత వాసనంది, ఆ తర్వాత ఉక్కపోతంది. రోజులన్నీ బయటికి పోయాయి, ఆమె ఒంటికి నొప్పి ఒక్కటే తగిలింది.

రేడియో మే నెలకి వచ్చింది. ఎర్రమ్మ వేళ్లు నెమ్మదించాయి. బానెట్టు పొర అయిపోయి, కారు కప్పు మొదలైంది. ఈసారి ఆమె దారపు పోగంత, వెంట్రుక వాసంత లేపుతోంది.

"ఈ రోజు మే పన్నెండు, సోమవారం" అన్నాడు రేడియోవాడు.

గడియారం ఒంటిగంట దాటింది, రెండు దాటింది. ముందద్దంలోంచి ఆనాటి మధ్యాహ్నపు ఎండ వచ్చి చిట్టిబాబు గొడుగు మీద పడింది. రెండూ ఇరవైకి ఎర్రమ్మ "సెయ్యి ఆపండి" అంది. పాతికమందీ ఆపారు.

"ఆ రోజు నేను ఆటోకి కబురు పెట్టేను కదా" అన్నాడు చిట్టిబాబు. అతన్ని ఎవరూ అడగలేదు.

గౌరీశ్వరి చెయ్యి ఎత్తింది. ఎర్రమ్మ అక్కడే, ఆ నిమిషంలోనే, గోటికొసంత సందులో కాలాన్ని పట్టుకుని సన్నగా వదిలింది. దేవి ఒకే ఒక్క కేక పెట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది. ఇంజెక్షను పొడిచి, మందు ఎక్కడానికి ఇంకో వెంట్రుక వాసంత వదలమని నర్సమ్మ అడిగితే ఎర్రమ్మ వదిలింది. నెత్తురు తగ్గింది. అప్పుడు పొరని బొటనవేలితో అదిమి, మళ్లీ అంటించేసింది.

కప్పు మీది మిగతా పొర తియ్యొద్దంది కళావతి. మర్నాడు నీళ్లు తగ్గి, కల్వర్టు పక్కన దారి వేశాక, తల్లినీ బిడ్డనీ ఆ పొర కిందే టెక్కలి తీసుకెళ్లింది. ఇద్దరూ క్షేమమని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఆ కారు తాళాలు చిట్టిబాబు మేకుకి వేలాడలేదు. షెడ్డు గుమ్మానికి వేలాడాయి, జీడి సొన చేతులకి అందేటంత ఎత్తులో. షెడ్డులో ఎవరి పనీ పోలేదు. బానెట్టు మీద జిగురు తిన్న చార ఒకటి ఉండిపోయింది. చిట్టిబాబు పలాసకి బస్సులో వెళ్లి వస్తున్నాడు.

రిజిస్టరు రాయడానికి గౌరీశ్వరి ఎర్రమ్మ గుడిసెకి వచ్చింది. పుట్టినతేదీ దగ్గర కలం ఆపి, ఏ రోజు రాయమంటావని అడిగింది.

"ఆ రోజు మా ఇంట సావొకటే రాసుంది నర్సమ్మా. దాని పక్కన పుటక కూడా రాయి."

నర్సమ్మ రాసింది. ఆడశిశువు. తల్లి: దేవి. పుట్టిన చోటు: కారు. తేదీ: 12-05-2003, సోమవారం, మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలు.