ఏడడుగుల కుర్రాడికో చోటు

మా లారెల్ గ్యాప్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ కోచ్ పదవి ఖాళీ అయిందని తెలిసిన రోజు నుంచి డెల్బర్ట్ ఫోన్లో విమానాలు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నాడు. మా ఊళ్ళో కార్ల షాపాయనకి ఓ చిన్న విమానం ఉంది. కోచ్‌ని తీసుకొచ్చే పని పడితే కాలేజీకి దాన్నే ఇస్తాడు. అది ఎక్కడ దిగితే కొత్త కోచ్ అక్కడివాడేనని మావాళ్ళ గట్టి నమ్మకం. గనుల్లో కరెంటు పని చేసి రిటైరైన పెద్దమనిషి, భార్య పిలిచినా పలక్కుండా తెరమీద పాకే పచ్చ చుక్క వంక గుడ్లప్పగించి చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

"టెనెస్సీలో దిగిందర్రా!" అని ఓ పొద్దున డాటీ హోటల్లో కేక పెట్టాడు. "టెనెస్సీలో ఎవరున్నారు? మన లోనీ ఉన్నాడు! లోనీ వచ్చేస్తున్నాడు!"

లోనీ ఒకప్పుడు మా కాలేజీకి ఆడి పేరు తెచ్చుకున్నవాడు. రాయిస్ సంబరపడిపోయి అందరికీ తినడానికి తలో ముక్క తియ్యటి ఆపిల్ పై తెప్పించాడు. మధ్యాహ్నానికల్లా అసలు సంగతి తెలిసింది. ఆ విమానం వెళ్ళింది కార్ల షాపాయన భార్య పెంపుడు కుక్కకి కంటి ఆపరేషన్ చేయించడానికట.

మేం నలుగురం. డెల్బర్ట్, మందుల షాపు నడిపి మానేసిన రాయిస్, చర్చిలో ఆర్గాన్ వాయించే గ్లెన్నా, నేను. నా పేరు వర్నా. పెళ్ళిళ్ళయిన కొత్తలో స్టేడియంలో పక్కపక్కన సీట్లు కొనుక్కున్నాం, ఇప్పటికీ అవే సీట్లు. మా ఆయన పోయాక కూడా ఆయన సీటుకి ఏటా డబ్బు కడుతూనే ఉన్నాను. అందులో మా నలుగురి చలికోట్లూ పెట్టుకుంటాం. పిల్లల పెళ్ళిళ్ళూ మొగుళ్ళ జబ్బులూ అన్నీ ఆ సీట్లలో కూర్చునే చెప్పుకున్నాం. అందుకే ఈ కథ చెప్పాలంటే నాకింత రోతగా ఉంది.

కుక్క సంగతి తెలిసిన మూడో రోజున గ్లెన్నా హోటల్లోకి ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చింది.

"తేల్చేశారు. ట్రెంట్ హార్గిస్‌ట."

"వాడా!" రాయిస్ ఫోర్కు ప్లేటులో పడేశాడు. "ఓరి నాయనో, వాడి జట్టుకి డిఫెన్సంటూ ఏడిస్తేగా! అవతలివాడు తాపీగా నడుచుకుంటూ వచ్చి బంతి వేసి పోతాడు."

"చివర్లో టైమవుట్ అడిగి ఆట ఆపించడం కూడా చేతకాదు వాడికి," అన్నాడు డెల్బర్ట్. "నేను చూశాగా. ఒక్క పాయింటు తేడాలో ఉంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికొడుకులాగా."

"ఆ జుట్టూ వాడూ," అంది గ్లెన్నా. "ఆ తలకి పూసిన నూనెతో నేను వారం రోజులు వేపుళ్ళు చేస్తా."

పక్క టేబుళ్ళవాళ్ళు కూడా కలగజేసుకున్నారు. ఒకడు హెడ్ కోచ్‌ని తిట్టాడు, ఒకడు కాలేజీ ప్రెసిడెంటుని తిట్టాడు. నా ముందు గ్రేవీ చల్లారి గడ్డకట్టింది. తినలేకపోయాను.

"మీకెవరికీ ఆ పేరు గుర్తులేదా?" అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు.

నా కూతురి కొడుకు కోల్బీ మొదటి ఏడాది ఇక్కడ ఆడలేదు. ఒహాయోలో ఓ చిన్న కాలేజీలో ఆడాడు. అక్కడ కోచ్ ఈ హార్గిసే. నీళ్ళు ఊరికే ఇవ్వరు, సంపాదించుకోవాలి అనేవాడట పిల్లలతో. ఆగస్టు ఎండలో, ఓ ప్రాక్టీసు ఆట ఓడినందుకు, పడిపోయేదాకా పరిగెత్తించాడు. పడిపోయినవాడు మా కోల్బీ. కండరాలు లోపల చితికిపోయి ఆ విషం మూత్రపిండాలకెక్కింది. ఆస్పత్రి మంచం పక్కన వేలాడే సంచీలో వాడి మూత్రం కాఫీ రంగులో ఉంది. ఇరవై ఏళ్ళు నిండని పిల్లాడు. ఆ కాలేజీవాళ్ళు హార్గిస్‌ని సొంత కారణాలతో వెళ్ళాడని చెప్పి సాగనంపారు. కోల్బీ కోలుకుని నా దగ్గరికొచ్చి ఉంటూ మా ఊరి జట్టులోనే చేరాడు. పెద్ద ఆటగాడేం కాదు. బెంచీమీద ఎక్కువ, ఆటలో తక్కువ. కానీ ఆ స్కాలర్‌షిప్ మీదే చదువు, ఆ జట్టంటేనే ప్రాణం.

గ్లెన్నా మొహం పాలిపోయింది. ఆ ఆస్పత్రిలో నాతోపాటు రాత్రంతా కుర్చీలో కూర్చున్న మనిషి అది. "వీడేనా వర్నా? ఆ రాక్షసుడు వీడేనా?"

"వీడే."

అప్పుడు చూడాలి వాళ్ళని. ముగ్గురూ ఒంటికాలిమీద లేచారు. రాయిస్ అక్కడికక్కడే రేడియోవాళ్ళకి ఫోన్ చేసి, సాయంత్రం ఆటల కార్యక్రమంలో మాట్లాడతానని పేరిచ్చాడు. మాట్లాడాడు కూడా. "ఇలాంటివాడిని తెస్తే మా సీట్లు మీ మొహాన కొట్టి పోతాం," అన్నాడు. వంటింట్లో అది వింటూ నేను కళ్ళు తుడుచుకున్నాను. నాకు ఈ ముగ్గురున్నారు చాలు అనుకున్నాను.

కోల్బీకి ఎలా చెప్పాలా అని ఆ రాత్రి భోజనం దాకా మథనపడ్డాను. తీరా చెబితే, తల ఎత్తకుండానే "తెలుసమ్మమ్మా," అన్నాడు.

"కాలేజీవాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పరా. నేనూ వస్తాను."

"చూద్దాంలే."

ప్లేటు కడిగి మేడమీదికి వెళ్ళిపోయాడు. నా భయమల్లా ఒకటే. మళ్ళీ ఆగస్టు వస్తుంది. ఆ మనిషి చేతిలో ఈల ఉంటుంది, ఎండలో నా మనవడు ఉంటాడు. నోరు విప్పితే వీడి చోటు పోతుంది. విప్పకపోతే ఏం పోతుందో ఆ ఆస్పత్రిలో చూసినదాన్ని.

వారం తిరక్కుండానే ఇంకో వార్త వచ్చింది. హార్గిస్ ఒంటరిగా రావడం లేదు. అతన్ని నమ్ముకున్న కుర్రాడొకడు, ఇల్లినాయిస్ నుంచి, వెనకే వస్తాడట. ఏడడుగుల పొడుగు. మా జట్టులో చేరే కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు గానీ పెట్టినట్టే లెక్క. అలాంటివాడు మా కొండల్లోకి రావడం మా జన్మలో చూడలేదు. ఆ పిల్లాడికి పేరుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అందరికీ వాడు ఏడడుగులవాడే.

మర్నాడు హోటల్‌కి వెళ్ళేసరికి గాలి మారిపోయింది.

"చేతులు చాపితే చాలు, ఎగరక్కర్లేదు, రింగు అందుతుంది," అంటున్నాడు డెల్బర్ట్. ఉన్నచోటే లేచి చేతులు చాపి చూపించాడు. "ఇరవై ఏళ్ళుగా మనకి లేనిదేంటి? మధ్యలో నిలబడే మనిషి!"

"హార్గిస్ డిఫెన్సు కూడా మరీ అంత చెత్తేం కాదు," అన్నాడు రాయిస్. "వాడి దగ్గర పొడుగువాళ్ళు లేక అలా ఏడిసింది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "టైమవుట్ అడగడం ఈ వారంలో నేర్చుకున్నాడా?"

గ్లెన్నా నా చేతిమీద చెయ్యేసింది. "వర్నా, మనుషులు మారతారే. మారరని మనమే అనుకుంటే ఆదివారం చర్చికెళ్ళడం ఎందుకు?"

"మారాడని నీకు చెప్పాడా?"

"అది కాదే..."

"మా రోజుల్లో మమ్మల్ని పరిగెత్తించలేదా?" అన్నాడు డెల్బర్ట్. "నాలుక బయటపెట్టి పరిగెత్తాం. చచ్చామా?"

"నీ మూత్రం కాఫీ రంగులో వచ్చిందా డెల్బర్ట్?"

పక్క టేబుల్ ఆవిడ కప్పు కింద పెట్టేసింది. రాయిస్ ప్లేటు పక్కకి నెట్టాడు. "అబ్బ, తినేచోట ఏంటా మాటలు వర్నా!"

అవును, తినేచోటే. నేను డబ్బులు బల్లమీద పెట్టి లేచొచ్చేశాను. దారిలో కారాపి కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. రేడియోలో ఎవడో ఏడడుగుల వాడి చేతుల కొలతలు చెబుతున్నాడు. కట్టేశాను. ప్లేటు ఫిరాయించే మనుషుల్ని చూడకపోలేదు. కానీ ఇంత చవగ్గా ఫిరాయించిన వాళ్ళని చూడడం అదే మొదలు. ఒక పొడుగు కుర్రాడు, వాడింకా వస్తాడో రాడో తెలీదు.

ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ మా ఇంటికొచ్చారు. గ్లెన్నా చేతుల్లో గుడ్డ కప్పిన గాజు పళ్ళెం, అందులో ఆలుగడ్డలూ చీజూ వేసి కాల్చిన క్యాసరోల్. మా దగ్గర అలా వండి గుడ్డకప్పి తెచ్చేది ఎవరైనా పోయిన ఇంటికి.

"ఎవరు పోయారు?" అన్నాను తలుపు దగ్గరే.

"ఊరుకోవే," అని గ్లెన్నా నన్ను దాటుకుని వంటింట్లోకి నడిచింది. మా ఆయన పోయినప్పుడు తెచ్చింది కూడా ఇదే పళ్ళెంలో.

కూర్చున్నారు. కాఫీ పోశాను. వాన గురించి మాట్లాడారు, పాస్టరు గారి మోకాలి గురించి మాట్లాడారు. చివరికి రాయిస్ గొంతు సవరించుకున్నాడు.

"హార్గిస్ దగ్గర ఆడినవాడని పేపరువాళ్ళు కోల్బీ కోసం ఫోన్ చేస్తున్నారట కదా."

"చేస్తున్నారు."

"వాడు ఏమన్నా చెబుతాడా?"

"అది వాడిష్టం."

"వద్దనడం లేదు వర్నా. వాడికి జరిగింది అన్యాయమే, మేం కాదన్నామా? కానీ ఒక్క పదిరోజులు ఆగమను. ఆ కుర్రాడు సంతకం పెట్టేదాకా. తర్వాత ఏం చెప్పుకున్నా మేం నీ వెనకే ఉంటాం."

"ఇప్పుడు గొడవైతే వాళ్ళమ్మ భయపడి వాడిని పంపదే," అంది గ్లెన్నా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ భయపడాలే! ఆవిడకి చెప్పాల్సింది అదే! కన్నతల్లికి తెలియకుండా దాచి ఆ పిల్లాడిని ఈ మనిషి చేతిలో పెడతారా? మీరు మనుషులేనా?"

"నీకు జట్టు బాగుపడాలని లేదా?" డెల్బర్ట్ బాధగా అడిగాడు. నిజంగానే బాధగా. "మనం ఇంకెన్నాళ్ళుంటాం వర్నా? పోయేలోపు ఒక్కసారి చూడొద్దూ?"

నోరు విప్పితే ఏదో ఒకటి విసిరికొట్టేదాన్ని. వాళ్ళ కాఫీ అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాను. కానీ రాయిస్‌కి ఆగడం తెలీదు.

"ఇంతా చేసి ఇంకో చిక్కుంది," అన్నాడు. "స్కాలర్‌షిప్‌లన్నీ నిండిపోయాయి. ఎవరో ఒకరు తప్పుకుంటే తప్ప ఆ కుర్రాడికి చోటు లేదు. ఎవరిని తీస్తారో ఏమో."

ముగ్గురిలో ఒక్కరూ నా వంక చూడలేదు. గ్లెన్నా బల్లమీది గుడ్డ మడత సరిచేస్తూ కూర్చుంది.

మేడమీంచి కోల్బీ దిగొచ్చాడు. మెట్లమీదే అంతా విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. పంపు తిప్పి గ్లాసుడు నీళ్ళు పట్టుకుని నిలబడే తాగాడు.

"నేను పేపరువాళ్ళకేం చెప్పనులే రాయిస్ తాతా," అన్నాడు.

రాయిస్ మొహం విప్పారింది. "బంగారు కొండవిరా నువ్వు!"

"చెప్పాల్సినవాళ్ళకి ఎప్పుడో చెప్పేశా. అతన్ని తీసుకునే ముందు హెడ్ కోచ్ నన్ను పిలిచి అడిగాడు, అతని దగ్గర ఆడావు కదా, మనిషెలాంటివాడని. మొత్తం చెప్పా. ఎండా, నీళ్ళూ, ఆస్పత్రీ. ఆయన రాసుకున్నాడు. నిజాయితీగా చెప్పావని భుజం తట్టాడు. మర్నాడు తీసుకున్నారు."

అందుకా "తెలుసమ్మమ్మా" అన్నాడు! ఇన్ని రోజులూ ఆ బరువు ఒక్కడే మోశాడు. నేను కాలేజీకి పోదాం పదమంటే, పోయొచ్చానని నాకు చెప్పలేకపోయాడు.

ఇప్పుడైనా ఈ ముగ్గురూ సిగ్గుపడతారని చూశాను.

"అయితే తెలిసే తీసుకున్నారన్నమాట!" అన్నాడు రాయిస్. పెద్ద బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఇంక బయటపడేదేముంది? గొడవే లేదు!"

"దేవుడు చల్లగా చూశాడు," అని గ్లెన్నా గుండెమీద చెయ్యేసుకుంది.

కోల్బీ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పుడు స్టేడియంలో వీళ్ళ ఒళ్ళో కూర్చుని పాప్‌కార్న్ తిన్నవాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.

"రేపు జట్టులోంచి తప్పుకుంటున్నా," అన్నాడు. "అతని కింద నేను ఆడలేను. స్కాలర్‌షిప్ పోతుంది, తెలుసు. కలప మిల్లులో రాత్రి పని ఉందట. ఫీజు నేనే కట్టుకుంటా."

నేను వాడి వంక చూడలేదు. ఈ ముగ్గురి వంకే చూశాను. వద్దురా అని ఒక్కరైనా అంటారని. నీ చోటు నీదిరా, పోవాల్సింది వాడు అని. ఉత్తుత్తికే అన్నా చాలు, నేను ఆ క్యాసరోల్ తినేదాన్ని, వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళ పక్కనే కూర్చునేదాన్ని. గ్లెన్నా నోరు తెరిచి, రాయిస్ వంక చూసి, మూసేసింది. డెల్బర్ట్ తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. బల్లకింద చేతివేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తున్నాడు, పెదాలు కదుపుతూ, జట్టులో మిగిలినవాళ్ళ పేర్లు ఒకటొకటే.

"లెక్క కుదిరిందా డెల్బర్ట్?" అన్నాను.

నేను నిజంగానే అడుగుతున్నాననుకున్నాడు. తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, సంతోషంతో.

"కుదిరింది వర్నా," అన్నాడు. "సరిగ్గా ఒకటి ఖాళీ అవుతుంది."